‘చూడ వచ్చితిరి’ అనాలా, ‘నాయొద్దకు వచ్చితిరి’ అనాలా?

ప్రశ్న:
మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పు ఘట్టంలో ‘చెరసాలలో ఉంటిని, నన్ను చూడ వచ్చితిరి’ అన్న వాక్యం చిన్ననాటి నుంచీ నా నోట నానుతోంది. జైళ్ళ సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై 1813లో లండన్‌లోని న్యూగేట్ జైలుకు మొదటిసారి వెళ్ళిన సందర్భాన్ని గురించి వ్యాసం రాస్తూ దాన్ని ఎత్తిరాయబోతే, ఎక్కడో మాట తప్పినట్టనిపించింది. సరైన పాఠం ఏది?

జవాబు:
36వ వచనంలో ‘చూడ వచ్చితిరి’ అన్నది రోగి విషయంలో. ఖైదీ విషయంలో ‘నాయొద్దకు వచ్చితిరి’ అని ఉంది. గ్రీకులోనూ ఇవి రెండు వేర్వేరు క్రియలు. జైళ్ళ సంస్కరణ చరిత్రంతా ఈ రెండు మాటల మధ్యే నడిచిందని నా నమ్మకం. జాన్ హవర్డ్ 1773లో ఇంగ్లండ్‌లోని బెడ్‌ఫర్డ్‌షైర్‌కు షెరీఫ్ (జిల్లా జైలు బాధ్యత కూడా చూసే అధికారి) అయ్యాక, నిర్దోషులని తేలినవారు కూడా జైలరుకు రుసుము చెల్లించలేక లోపలే మగ్గడం గమనించి, ఊరూరా జైళ్ళు తిరిగి, చూసినదంతా 1777లో పుస్తకంగా అచ్చువేశారు. అది చూడటం. ఫ్రై స్త్రీ ఖైదీల మధ్య కూర్చుని బైబిలు చదివారు, వారి పిల్లలకు బడి పెట్టారు, వారికి కుట్టుపని కల్పించారు. అది యొద్దకు రావడం.

మరొకరు:
అయ్యా, 43వ వచనం మరిచారు. అక్కడ రోగానికీ చెరసాలకూ కలిపి ‘చూడ రాలేదు’ అనే ఉంది. ప్రశ్న అడిగినవారి జ్ఞాపకానికి మూలం అదే. పైగా ‘చూచు’ అంటే కంటితో పరిశీలించడమేనా? గోల్కొండ చెర అనుభవించిన రామదాసు ‘ఏ తీరుగ నను దయజూచెదవో’ అన్నది ఆదుకోమనే కదా. హవర్డ్ చూపులోనూ ఆ దయ ఉంది. ఆయన సాక్ష్యం విన్న పార్లమెంటు 1774లోనే నిర్దోషులపై ఆ రుసుమును రద్దు చేసింది.

మొదటి జవాబరి:
రామదాసును తెచ్చారు కాబట్టి ‘పలుకే బంగారమాయెనా’ కూడా తలచుకోవాలి. చెరలో ఉన్నవాడికి ముందు కావలసింది పలుకు. ఏకాంతమే పశ్చాత్తాపం పుట్టిస్తుందన్న క్వేకర్ల (ఒక క్రైస్తవ శాఖవారి) విశ్వాసం వల్ల, 1829లో ఫిలడెల్ఫియాలో తెరిచిన ఈస్టర్న్ స్టేట్ జైలులో ఖైదీని ఒక్కడినే గదిలో ఉంచి, బయటికి తెచ్చినప్పుడు ముఖానికి ముసుగు వేశారు. అక్కడ ఎవరి యొద్దకు ఎవరు వచ్చినట్టు?

మరొకరు:
1787లో ఆ నగరంలోనే ఏర్పడిన ఖైదీల సహాయ సంఘం సభ్యులు ఆ గదులకు వెళ్ళి మాట్లాడేవారు. అందువల్ల మీ వాదం అంత బిగువుగా లేదు. ఇంకొక మాట: ‘చెర’కు పాత వర్ణక్రమం బండి ఱతో ‘చెఱ’. ఎత్తిరాసేటప్పుడు మీ ప్రతిలో ఏ రేఫ ఉందో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫ్రై 1818లో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిచ్చారు. స్త్రీ ఖైదీలకు స్త్రీలే కాపలా ఉండాలని 1823 చట్టం నిర్దేశించింది. యొద్దకు వెళ్ళినవారే చూసి చెప్పారు కూడా. అందువల్ల ఏ వచనం ఎత్తిరాయాలో ఇంకా తేల్చుకోలేదు. మా అమ్మమ్మ బైబిలులో ఏ రేఫ ఉందో ఈ సాయంత్రం చూసి రాస్తాను.