న్యుమోనియా తగ్గేదాకా బైసెప్స్ టెండన్ తెగిన చేతితో నెట్టుకురావడం ఎలా?

నాన్నగారికి 63. న్యుమోనియాకి లెవోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్‌తో పాటు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ వాడుతుండగా కుడి మోచేతి దగ్గర బైసెప్స్ టెండన్ (జబ్బ కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగం) పూర్తిగా తెగింది. 60 దాటినవాళ్లకు ఈ రెండూ కలిస్తే టెండన్లకు ముప్పే. యాంటీబయాటిక్ మార్చారు; స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకూడదు కాబట్టి మెల్లగా తగ్గిస్తున్నారు.

ఆపరేషన్ 2-3 వారాల్లోపు అయితే సులువు, ఆలస్యమైతే టెండన్ పైకి ముడుచుకుపోతుంది. కానీ ఈ ఊపిరితిత్తులతో మత్తు ఇప్పుడే వద్దంటున్నారు.

మోచెయ్యి వంగుతోంది. అరచెయ్యి పైకి తిప్పడానికే బలం లేదు: తాళం తిరగదు, మగ్గుతో నీళ్లు పోసుకోలేరు. స్లింగ్ వేసినా, రాత్రి దగ్గు తెర వస్తే మంచం అంచు పట్టుకుని ఆ చేత్తోనే లాక్కుని లేస్తున్నారు!

ఒంటిచేత్తో లేవడానికి మీరు ఏం ఏర్పాటు చేసుకున్నారు? ఆపరేషన్ ఆలస్యంగా చేయించుకున్నవాళ్లకు గ్రాఫ్ట్ (అతుకుగా వేరే టెండన్ ముక్క) వేశారా? ఆపరేషన్ వద్దనుకున్నవాళ్లకు స్క్రూడ్రైవర్ తిప్పేంత పట్టు తిరిగొచ్చిందా?