పాత మిలిటరీ తోలు బెల్టు: అదనపు చిల్లులు పూడ్చాలా, ఉంచాలా?

తిరుమలగిరి_పాతసామాను: జుమ్మేరాత్ బజార్‌లో ఒక తోలు బెల్టు దొరికింది. ఇత్తడి బకిల్, లోపలివైపు బాణం గుర్తు, దాని కింద ‘ఐ’ అక్షరం. ఫ్యాక్టరీ చిల్లులు వరసగా ఉన్నాయి. వాటి తర్వాత చేత్తో పొడిచినవి మూడు, వంకరటింకరగా. పక్కన ముతక దారంతో కుట్టిన ఇనుప రింగు. చిల్లులు పూడ్చి పాలిష్ కొడితే కొత్తదానిలా ఉంటుందని తోలు షాపాయన అంటున్నాడు. చేయించమంటారా?

బొల్లారం_మామ: వద్దండీ, దయచేసి వద్దు! బాణం కింద ‘ఐ’ అంటే అప్పటి భారత ప్రభుత్వ సైనిక సామగ్రి. బెల్టులన్నీ డిపోలో ఒకే తీరుగా ఇచ్చేవారు, తన ఒంటికి సరిపోయేలా చేసుకున్నది సిపాయే. ఆ మూడు చిల్లులూ అతని చేతిపనైతే వాటినెలా పూడ్చేస్తారు?

కోఠీ_కలెక్టర్: అతనివో, తర్వాత అమ్మినవాళ్లవో ముందు తేల్చుకోండి. భూతద్దంతో చిల్లు లోపలి అంచు చూడండి. వాడిన చిల్లు బకిల్ ముల్లు లాగుడుకి కోలగా సాగి, అంచు నల్లగా నునుపెక్కి ఉంటుంది. ఈమధ్య పొడిచినదైతే లోపల తోలు లేతరంగులో, పీచుపీచుగా కనిపిస్తుంది. రింగు కింద తోలు అరిగిందేమో కూడా చూడండి. అరిగితే దానికి బరువు వేలాడిందన్నమాట.

లాన్సర్_అభిమాని: సామ్ బ్రౌన్ బెల్టు పుట్టిందే ఇలాంటి అవసరంలో. 1858లో మన దేశంలో జరిగిన యుద్ధంలో సామ్ బ్రౌన్ అనే బ్రిటిష్ అధికారి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఒర పట్టుకునే చెయ్యి లేక, భుజం మీదుగా పట్టీ వేసి కత్తి బరువును దానిమీదికి మళ్లించాడు. మన పోలీసు అధికారులు ఇప్పటికీ ఆ తరహా బెల్టే వేసుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కొందరు సైనికులైతే దొరికిన బ్యాడ్జీలు, గుండీలు బెల్టు నిండా బిగించుకున్నారు. అలాంటి బెల్టు నుంచి బ్యాడ్జీలు పీకి విడిగా అమ్మేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తిరుమలగిరి_పాతసామాను: ముట్టుకుంటే చేతికి ఎర్రపొడి అంటుతోంది. కొబ్బరినూనె రాయనా?

బొల్లారం_మామ: నూనె వద్దు, నీళ్లు అసలే వద్దు. చెట్టు బెరడుతో పదును చేసిన పాత తోలుకి వచ్చే జబ్బు అది. పీచు చివికిపోతే నూనె దాన్ని తిరిగి అతికించదు, నల్లబరుస్తుంది. మెత్తటి బ్రష్‌తో పైపైన దులపండి. వంచకుండా కాటన్ గుడ్డలో పరిచిపెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే మన వానాకాలానికి బూజు ఖాయం. బకిల్ దగ్గర పచ్చటి చిలుము ఉంటే వెదురుపుల్లతో మెల్లగా గీకండి.

తిరుమలగిరి_పాతసామాను: చూశాను. మూడో చిల్లు కోలగా సాగి ఉంది, మిగతా రెండూ గుండ్రంగానే ఉన్నాయి. రింగు కింద తోలు బాగా అరిగింది. బకిల్ వెనక గీసిన అంకెలు, పక్కన సగం చెరిగిన అక్షరాలు. పూడ్పించడం మానేశాను. ఫొటో పెడతాను, రెజిమెంట్ ఏదో పోల్చగలరా?