ఎండ్యూరెన్స్ పోటీల్లో అరబ్బీ కాని గుర్రాలంటే చిన్నచూపు ఉన్నదా?

లేతజూలు:
కాలిఫోర్నియాలో ఎండ్యూరెన్స్ స్వారీ, అంటే గుర్రం మీద చాలా దూరం సాగే పోటీ స్వారీ, చేసే మన తెలుగువారి ముందు ఈ ప్రశ్న ఉంచుతున్నాను. నా గుర్రం హాఫ్లింగర్ జాతిది. ఇప్పుడు ఆస్ట్రియా, ఇటలీల మధ్య పంచబడి ఉన్న టిరోల్ కొండల్లో పుట్టిన జాతి. పొట్టిగా, దిట్టంగా ఉంటుంది, జూలు తెల్లగా ఉంటుంది. మొన్న 50 మైళ్ల పోటీకి పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్లినప్పుడు, బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ గుర్రాన్ని ఒకసారి చూసి, సరదా స్వారీకి వచ్చినవారు ట్రెయిలర్లను అవతలి వైపు నిలుపుకోవాలని నాకు చెప్పారు. నేను 50 మైళ్లకే వచ్చానని చెప్పిన తరువాత కూడా, 25 మైళ్లతో సరిపెట్టుకుంటే మంచిదని రెండుసార్లు అన్నారు. నా వెనక అరబ్బీ గుర్రంతో నిలబడిన అమ్మాయికి అదే మొదటి పోటీ. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. 12 గంటల గడువులో మేము 11 గంటల 20 నిమిషాలకు ముగించాము, చివరి పరీక్షలో గుర్రం కుంటలేదు. గుర్రాన్ని నాడి చూసి అంచనా వేయాలా, ముఖం చూసి అంచనా వేయాలా?

పాతజీను:
లేతజూలు గారూ, మీ మనసు నొచ్చుకున్నందుకు బాధగానే ఉంది కానీ, దీన్ని చిన్నచూపు అనడం సరికాదు. టెవిస్ కప్ 1955లో మొదలైంది. సియెర్రా నెవాడా కొండల మీదుగా ఆబర్న్ వరకు 100 మైళ్లు, గడువు 24 గంటలు. ఇన్నేళ్లుగా అక్కడ ముందు వరుసలో వస్తున్నవి ఎక్కువగా అరబ్బీలే. అందుకు కారణం శరీర నిర్మాణంలో ఉంది. అరబ్బీ కండరాల్లో నిదానంగా పనిచేసి త్వరగా అలసిపోని పోగుల పాలు ఎక్కువ. చర్మం పలుచన, ఒళ్లు సన్నం. కండరం పనిచేసినప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు వేడిగానే మారుతుంది, ఆ వేడి చెమట ద్వారా బయటకు పోవాలి. ఒళ్లు దిట్టమైన కొద్దీ బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం తగ్గుతుంది, లోపలి వేడి లోపలే నిలుస్తుంది. బల్ల దగ్గరి ఆవిడ చెప్పింది ఈ సంగతే.

డెక్కలచప్పుడు:
మంగోల్ డెర్బీలో పొట్టి మంగోలియా గుర్రాలు వెయ్యి కిలోమీటర్లు పరిగెడుతున్నాయి కదండీ.

పాతజీను:
అక్కడ ఏ గుర్రమూ వెయ్యి కిలోమీటర్లు పోదు. దాదాపు ప్రతి 40 కిలోమీటర్లకు గుర్రాన్ని మారుస్తారు. ఆ ఉదాహరణ ఇక్కడ పనికిరాదు.

లేతజూలు:
కంచరగాడిదలు టెవిస్‌ను పూర్తి చేశాయి, అది కూడా పనికిరాదా? వేడి సంగతి నాకు తెలియనిది కాదు. పోటీ మధ్యలో ఇచ్చే తప్పనిసరి విరామంలో గడియారం మేము చేరిన క్షణం నుంచి కాక, గుర్రం నాడి నిమిషానికి 60కో 64కో దిగిన క్షణం నుంచి నడుస్తుంది. నా గుర్రానికి నాడి దిగడానికి పదకొండు నిమిషాలు పడితే ఆ పదకొండు నిమిషాలూ నేనే పోగొట్టుకుంటున్నాను. అంటే నా గుర్రం దిట్టంగా ఉన్నందుకు చెల్లించవలసిన మూల్యాన్ని ఆ నియమమే వసూలు చేస్తున్నది. దాని మీద మనుషుల మాటలు కూడా ఎందుకు?

పాతజీను:
పదకొండు నిమిషాలు చాలా ఎక్కువ.

లేతజూలు:
ఆ రోజు 34 డిగ్రీల ఎండ.

పాతజీను:
అదే ఎండలో మిగతా గుర్రాలు నాలుగైదు నిమిషాల్లో దిగి ఉంటాయి. నాడి చూడమని అడిగినది మీరే, ఆ నాడే ఇప్పుడు సమాధానం చెబుతున్నది.

మైలురాయి:
నేను స్వారీ చేయను. పోటీల్లో స్టెతస్కోపు పట్టుకుని, ముందు కాలి మోచేతి వెనక గుండె చప్పుడు లెక్కపెట్టే పని నాది. పదకొండు నిమిషాలంటే నెమ్మదే, కానీ నిర్ణీత గడువుకు లోపలే, అది తప్పు కాదు. నేను చూసిన మరొక విషయం చెబుతాను. అరబ్బీతో వచ్చిన కొత్తవారి చుట్టూ పాతవారు చేరి, మెడ కింద, తొడల లోపలి వైపు నరాలు ఉబ్బిన చోట నీళ్లు పోస్తూనే ఉండమని, బక్కెట్టు కూడా తామే అందించి చూపిస్తారు. బరువైన గుర్రంతో వచ్చినవారు నీళ్ల తొట్టి దగ్గర ఒంటరిగా నిలబడి, వీపు మీద ఒక చెంబెడు పోసి ఊరుకుంటారు. ఎక్కువ సాయం కావలసినది వారికే.

లేతజూలు:
నాకు జరిగినది సరిగ్గా ఇదే. పాతజీను గారూ, మీరు ఇరవై రెండేళ్లుగా స్వారీ చేస్తున్నానని ఇదివరకే రాశారు. ఆ ఇరవై రెండేళ్లలో మీ కంటపడిన ఇటువంటి గుర్రాల్లో ఎన్నింటి దగ్గరకు వెళ్లి సాయపడ్డారో, ఎన్నింటిని దూరం నుంచే తీసిపారేశారో ఒకసారి చెప్పండి. నా గుర్రాన్ని మీరు చూడనైనా చూడలేదు, అప్పుడే తీర్పు చెప్పేశారు.

పాతజీను:
తీసిపారేయలేదు. నేను మొదట ఎక్కినది అరబ్బీ కాదు. క్వార్టర్ హార్స్‌కూ బండి లాగే జాతికీ పుట్టిన పెద్ద ఎర్ర గుర్రం. ఏ గుర్రమైనా పోగలదు, నెమ్మదిగా పోతే చాలునని పదిమంది చెప్పగా నమ్మి 50 మైళ్లకు తీసుకువెళ్లాను. ముప్పై ఐదో మైలు దాటాక దాని పిరుదుల కండరాలు చెక్కలా బిగుసుకున్నాయి, అడుగు పడలేదు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. ట్రెయిలరు పక్కన రాత్రంతా సెలైను సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డాను, తెల్లవారకముందే పోయింది. ఆ నమోదు బల్ల దగ్గర ఆ రోజు ఒక్క మనిషి నన్ను ఆపి, 25తో సరిపెట్టుకోమని చెప్పి ఉంటే ఆ గుర్రం బతికేది. అందుకే ఆ ఆవిడను మీరు తప్పు పడుతుంటే నేను ఊరుకోలేకపోతున్నాను.

లేతజూలు:
ఇది తెలియక పరుషంగా రాశాను, మన్నించండి. అయినా ఆ ఆవిడ విషయంలో నా మాట మారలేదు. ఆమె నన్ను ఎంత శిక్షణ ఇచ్చానని అడగలేదు, ఇంతకుముందు ఎన్ని 25 మైళ్ల పోటీలు పూర్తి చేశానని అడగలేదు. అడిగి ఉంటే ఆరు అని చెప్పేదాన్ని. మీ గుర్రాన్ని నడిపించిన రోజున ఎవరైనా మిమ్మల్ని ఆ ప్రశ్న అడిగి ఉంటే, జాతి పేరు ఎత్తకుండానే మీరు ఆగిపోయి ఉండేవారు కదా?

పాతజీను:
అడిగి ఉంటే సున్నా అని చెప్పేవాణ్ణి. అది ఒప్పుకుంటున్నాను. కానీ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఒక్కొక్కరితో అంత మాట్లాడే తీరిక ఉండదు, కంటికి కనిపించేది గుర్రం ఒళ్లే. కనుక బరువైన గుర్రం కనబడితే ముందు హెచ్చరించడమే మంచిదని నేను ఇప్పటికీ అంటాను. మీ గుర్రానికి చలికాలపు బొచ్చు కత్తిరించారా? కొండ ఎక్కేటప్పుడు నాడి ఎంత దాకా పోనిస్తున్నారు?

లేతజూలు:
గొంతు కింద, ఛాతీ మీద, పొట్ట పక్కల కత్తిరించాను. జూలును అల్లి పైకి కడతాను. మానిటరు 150 చూపిస్తే దిగి, పక్కన నడుస్తాను.

పాతజీను:
140కే దిగండి. విరామానికి అర మైలు ముందు నుంచి జీను పట్టీ ఒక బెత్తెడు వదులు చేసి, మీరు నడుస్తూ తీసుకురండి. వచ్చే పోటీ ఏదో చెబితే నీళ్ల తొట్టి దగ్గర ఉంటాను.