నిజాంపేట్, ప్రగతినగర్ సైడు మంచి ఫ్యామిలీ డాక్టర్ ఎవరైనా ఉన్నారా? నాన్నకి బీపీ, షుగర్

గోదారి_గట్టు
అందరికీ నమస్తే. రాజమండ్రి నుంచి వచ్చి 8 నెలలైంది, నిజాంపేట్‌లో ఉంటున్నాం, ఈసారి అమ్మానాన్నల్ని కూడా తెచ్చేసుకున్నా. అక్కడ దానవాయిపేటలో మాకో డాక్టర్‌గారు ఉండేవారండి, నా చిన్నప్పుడు టైఫాయిడ్ వస్తే చూసింది ఆయనే, మొన్న మా పాపకి జ్వరం వస్తే చూసిందీ ఆయనే. నాన్న గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏవండీ, మళ్ళీ పూతరేకులు లాగించారా" అనేవారు. ఫైలు తీసే పనే ఉండేది కాదు.

ఇక్కడ ఆ సీను లేదు. నాన్నకి 68, బీపీ షుగర్ రెండూ ఉన్నాయి, పన్నెండేళ్ళ నుంచి మందులు వాడుతున్నారు. రెండు నెలల నుంచి పొద్దున్నే మంచం మీద నుంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు. దగ్గర్లో ఉన్న ఓ పెద్ద హాస్పిటల్‌కి తీసుకెళ్తే ముందు జనరల్ ఫిజీషియన్, ఆయన చెవి వల్ల కావచ్చని ఈఎన్‌టీకి పంపారు, ఆవిడ న్యూరోకి పంపారు, న్యూరో ఆయన ఎంఆర్ఐ రాశారు. మొత్తం 14 వేలు అయింది, రిపోర్టులన్నీ నార్మలే, కళ్ళు తిరగడం మాత్రం అలాగే ఉంది. పోయిన ప్రతిచోటా ఒకటో రెండో టాబ్లెట్లు కలిపారు, తీసేసినవాళ్ళు లేరు. ఎవర్నీ తప్పుపట్టట్లేదు, ఎవరి పార్టు వాళ్ళు చూసుకున్నారు, కానీ మొత్తం మనిషిని చూసేవాళ్ళు ఒకరు కావాలి కదా. అసలు హైదరాబాద్‌లో అలాంటి డాక్టర్లు ఇంకా ఉన్నారా, ఉంటే ఎలా వెతుక్కోవాలి? ఫీజు కాస్త ఎక్కువైనా పర్లేదు.

కేపీహెచ్‌బీ_పాతకాపు
ఉన్నారండి, కాకపోతే హోర్డింగుల మీద కనపడరు. నేను పద్నాలుగేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నా, పేర్లు ఇక్కడ పెడితే రేపు ఇంకోడొచ్చి కొట్లాట మొదలెడతాడు కాబట్టి మెసేజ్ చేస్తా. ఎలా వెతకాలో మాత్రం చెప్తా.

ఫస్టు గూగుల్ స్టార్లు వదిలేయండి. మా సందులో ఓ క్లినిక్‌కి 4.9 ఉంది, రివ్యూలు చదివితే సగం ఏసీ బాగుంది, పార్కింగ్ ఉంది, రిసెప్షన్ అమ్మాయి బాగా మాట్లాడింది అని. మీ అపార్ట్‌మెంట్‌లో పొద్దున్నే వాకింగ్ చేసే అంకుల్స్ ఉంటారుగా, వాళ్ళని పట్టుకోండి, షుగరున్నవాళ్ళకి ఏ డాక్టర్ ఏంటో మొత్తం జాతకాలు తెలుసు. ఇంకోటి మెడికల్ షాపు. క్లినిక్‌కి అంటుకుని ఉన్న షాపు కాదు, దానికి అదే డాక్టర్ చీటీలు తప్ప ఇంకేం రావు. విడిగా ఉన్న షాపాయన్ని సాయంత్రం రష్ తగ్గాక "అన్నా, మీ ఇంట్లో వాళ్ళకి జ్వరమొస్తే ఎవరి దగ్గరికి తీసుకెళ్తావ్" అని అడగండి. ఎవరు మంచి డాక్టరని అడిగితే చెప్పడు, ఇలా అడిగితే చెప్తాడు.

పేరు దొరికాక నాన్నగారిని డైరెక్టుగా తీసుకెళ్ళకుండా మీరే ఏ దగ్గుకో జలుబుకో ఓసారి వెళ్ళిరండి. మూడు రోజుల జలుబుకి యాంటీబయాటిక్, గ్యాస్ టాబ్లెట్, విటమిన్లు, ఓ సిరప్పు రాసి పంపితే మళ్ళీ ఆ మెట్లెక్కకండి. ఏమీ రాయకుండా "వేడినీళ్ళు పుక్కిలించు, తగ్గకపోతే రా" అన్నాడా, వదలకండి. ఇల్లు దగ్గరుండాలి, అది మాత్రం రూలు. ఎంత గొప్ప డాక్టరైనా మియాపూర్ సిగ్నల్ దాటి వెళ్ళాలంటే నాలుగోసారికి మీరే మానేస్తారు.

సీతాఫల్‌మండి_పోరడు
అన్నా ఫీజు ఎక్కువైనా పర్లేదు అన్నవ్ గని ఒక మాట చెప్త, బస్తీ దవాఖాన చూసినవా ఎప్పుడన్నా? 2018ల మొదలైనయ్, ఎంబీబీఎస్ డాక్టర్ ఉంటడు, నర్సు ఉంటది, బీపీ షుగర్ మందులు ఫ్రీ. రక్తం గూడ ఆడనే తీస్కుంటరు, శాంపిల్ టీ డయాగ్నస్టిక్స్ అని సర్కారు ల్యాబ్‌కి పోతది, రిపోర్టు ఫోన్‌కొస్తది. మా అమ్మకు మూడేండ్ల సంది ఆడనే చూపిస్తున్నం. మొదట్ల నేను గూడ సర్కారు దవాఖాన అంటే నవ్విన, ఇప్పుడు మా అమ్మ పోంగనే "ఏం పెద్దమ్మా పోయిన నెల రాలే" అని అడుగుతరు, నీ రాజమండ్రి డాక్టర్ లెక్కనే.

కష్టం లేదని గాదు. పొద్దుగాల పోవాలె, డాక్టర్ మారుతుంటడు, ఒక్కోపారి మందు స్టాకు ఉండది, రాత్రి జ్వరమొస్తే ఎవ్వరుండరు. గని నెలనెల బీపీ చూస్కునుడు, షుగర్ చూస్కునుడు ఇసొంటి పనికి పెద్ద హాస్పిటల్ ఎందుకే. మీ దిక్కు ఏడ ఉన్నదో వార్డ్ ఆఫీస్‌ల అడుగు.

వైజాగ్_వాసంతి
నేను ఒప్పుకోనండి. పెద్ద హాస్పిటల్‌లో అయితే ల్యాబ్, స్కానింగ్, స్పెషలిస్టు అన్నీ ఒకే బిల్డింగ్‌లో ఉంటాయి. మా మావయ్యగారికి గుండెల్లో మంట అంటే సందు చివర క్లినిక్ ఆయన గ్యాస్ అని పంపించేశారు, తీరా చూస్తే హార్ట్ ఎటాక్. ఆ భయం పోదు.

కేపీహెచ్‌బీ_పాతకాపు
@వైజాగ్_వాసంతి ఎమర్జెన్సీకి పెద్ద హాస్పిటలే అమ్మా, కాదని ఎవరన్నారు. ఛాతీలో నొప్పొస్తే మనం క్లినిక్‌లో కూర్చోకూడదు కూడా. ఈయన అడిగేది మిగతా 360 రోజుల సంగతి.

నైట్‌డ్యూటీ_డాక్టర్
జనరల్ మెడిసిన్ పీజీ చేస్తున్నా, డ్యూటీ మధ్యలో టైప్ చేస్తున్నా కాబట్టి తప్పులుంటే క్షమించండి.

బోర్డు మీద డిగ్రీలు చూడండి. పెద్దవాళ్ళ బీపీ షుగర్‌కి ఎండీ జనరల్ మెడిసిన్ గానీ, ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ (ఎండీ లాంటి పీజీ డిగ్రీనే) చేసినవాళ్ళు గానీ బాగా సరిపోతారు. ఫ్యామిలీ మెడిసిన్ అని మూడేళ్ళ కోర్సు ఉందని చాలామందికి తెలీదు, పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా చూడ్డం నేర్పేదే అది, కానీ చేసినవాళ్ళు మనదగ్గర తక్కువ. డయాబెటాలజిస్ట్ అని పెద్ద అక్షరాలతో ఉంటే పక్కన డిగ్రీ ఏముందో చదవండి, చాలాసార్లు ఎంబీబీఎస్ తర్వాత చేసిన చిన్న డిప్లొమానో సర్టిఫికెట్టో ఉంటుంది. అది తప్పని కాదు, బాగా చూసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, మీకు తెలిసుండాలి అంతే. మామూలు ఎంబీబీఎస్ అయినా ఓపిగ్గా వినేవాళ్ళయితే నేను మా అమ్మని పంపిస్తా. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలన్నది రూలు, ఆ నంబర్‌తో నేషనల్ మెడికల్ కమిషన్ సైటులో వెతికితే పేరొస్తుంది. రెండు నిమిషాల పని, ఎవరూ చేయరు.

ఇక మీ నాన్నగారి విషయం, చూడకుండా ఏదీ చెప్పలేను. కానీ లేవగానే కళ్ళు తిరగడం అంటే పడుకోబెట్టి ఓసారి బీపీ, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ బీపీ చూడాలి. పై నంబర్ 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, లేవగానే బీపీ తగ్గడం వల్లే కళ్ళు తిరుగుతున్నాయనడానికి అది ఓ పెద్ద క్లూ. అది ఎవరైనా చూశారా? చూసి ఉండకపోతే రేపు వెళ్ళే డాక్టర్‌ని అడగండి, మొహమాటపడకండి. ఫైలు ఒక్కటే కాదు, ఇంట్లో ఉన్న టాబ్లెట్ల షీట్లు మొత్తం, అయిపోయిన ఖాళీ షీట్లతో సహా కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. ఆ కవర్ బల్ల మీద పెట్టినప్పుడు డాక్టర్ దాన్ని విప్పి చూస్తున్నాడా, పక్కకి తోసి కొత్త చీటీ రాస్తున్నాడా, అక్కడే తెలిసిపోతుంది. ఈలోపు మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి.

డాలస్_కూతురు
నాన్న ఒక్కరే మోతీనగర్‌లో ఉంటారు, నేనిక్కడ. నాకు కావాల్సింది ఫోనెత్తే డాక్టర్. మూడో ప్రయత్నానికి దొరికారు. నాన్న వెళ్ళినప్పుడు వీడియోలో నన్ను కలుపుతారు, రాసినవి వాట్సాప్‌లో పెడతారు, దానికి విడిగా ఫీజు తీసుకుంటారు, తీసుకోవడమే మంచిది, ఫ్రీ అయితే అడగాలంటే మనకే మొహమాటం. మొదటి రోజే అడిగేయండి గోదారి గారూ, రాత్రి పదింటికి ఏదైనా అయితే ఎవరికి చెయ్యాలి అని. ఆ ప్రశ్నకి మొహం చిట్లించినవాళ్ళని నేను అక్కడితోనే వదిలేశా.

బాచుపల్లి_బుజ్జి
ఫాలోయింగ్. మాకూ కావాలి, పిల్లల డాక్టర్ వద్దు, అందరినీ చూసేవాళ్ళు.

గోదారి_గట్టు
అప్‌డేట్ ఇవ్వడం లేటయింది, సారీ. పాతకాపు గారు మెసేజ్‌లో ఇచ్చిన రెండు పేర్లలో ఒకావిడ దగ్గరికి వెళ్ళాం. మొదటి అంతస్తు, లిఫ్టు లేదు, బయట ఆరు ప్లాస్టిక్ కుర్చీలు, టోకెన్ అంటే అట్టముక్క మీద స్కెచ్‌పెన్‌తో రాసిన నంబర్. నాన్న అప్పుడే మొహం ముడుచుకున్నారు. గంటంపావు వెయిటింగ్.

లోపలికెళ్ళాక ఫైలు ఇవ్వబోతే ఆవిడ ముందు కవర్ చూపించమన్నారు. టాబ్లెట్లన్నీ బల్ల మీద గుమ్మరించి, కళ్ళజోడు పైకెత్తి ఒక్కో షీటూ తిప్పి వెనకాల సన్న అక్షరాలు చదువుతూ పొద్దున్నవి ఓ వరస, రాత్రివి ఓ వరస పేర్చారు. పొద్దున వరసలో ఒక షీటు మీద టెల్మిసార్టాన్, బీపీ మందు. దాని పక్క షీటు మీద వేరే కంపెనీ పేరు, రంగు వేరు, కింద చదివితే మళ్ళీ అదే టెల్మిసార్టాన్, అమ్లోడిపిన్ అని ఇంకో బీపీ మందు, రెండూ కలిపి. మొదటిది రాజమండ్రి నుంచి వాడుతున్నది, రెండోది ఇక్కడ కొత్తగా రాసింది. పాతది ఆపమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు అనుకున్నారంట నాన్న, నేనూ అడగలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పడుకోబెట్టి చూస్తే 138, నిలబడ్డాక 112. ఒకటి ఆపించారు, రెండు విటమిన్లు తీసేశారు, షుగర్ మూడు నెలల యావరేజ్, కిడ్నీల కోసం క్రియాటినిన్ టెస్టు మాత్రం చేయించమన్నారు, కంటి రెటీనా చెక్ ఎప్పుడు చేయించారని అడిగితే మా దగ్గర సమాధానం లేదు. ఫీజు 400, వారంలో మళ్ళీ వస్తే ఫ్రీ. రాత్రి సంగతి కూడా అడిగా డాలస్ గారూ, పది దాటితే ఫోన్ ఎత్తను, మెసేజ్ పెట్టండి, అర్జెంటైతే నేరుగా హాస్పిటల్‌కి వెళ్ళండి అని మొహమాటం లేకుండా చెప్పారు. నాకది నచ్చింది.

పది రోజులైంది. కళ్ళు తిరగడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు, నిన్న కూడా ఓసారి అన్నారు, శుక్రవారం మళ్ళీ రమ్మన్నారు. నాన్నకి మాత్రం ఆవిడ ఇంకా పూర్తిగా నచ్చలేదు. దారిలో "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, స్వీట్లు తింటున్నావా అని గట్టిగా అడగలేదురా" అంటున్నారు.