మానవశాస్త్రంలో పీహెచ్‌డీ: దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసినవి ఏమిటి?

కొత్త దరఖాస్తుదారు:
నేను సమాజశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, మానవశాస్త్రంలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. వలస కార్మికుల కుటుంబాల్లో ఫోను మీద నిలబడే బాంధవ్యాలు నా అంశం. ప్రతిపాదనలో ప్రశ్నను ఎంత నిర్దిష్టంగా రాయాలి, గైడును ఎలా ఎంచుకోవాలి, ఫీల్డ్‌వర్క్‌కు, అంటే అధ్యయనం చేసేవారి మధ్యే ఉండి చేసే పరిశీలనకు, నిజంగానే ఏడాది కావాలా అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మూడో ఏడాది:
ప్రశ్నను నిర్దిష్టంగానే రాయండి, కానీ అది చివరిదాకా అలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి. రోగులు పరీక్షల ఫలితాలను ఎంతవరకు నమ్ముతారన్న ప్రశ్నతో నేను ఒక ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో అడుగుపెట్టాను. మొదటి రెండు నెలలూ ఎవరిని అడిగినా "డాక్టరుగారు చెప్పాక నమ్మక ఏం చేస్తాం?" అన్నదే సమాధానం. ఆ రెండు నెలల్లో నా నోటుపుస్తకం నిండా చేరినవి వరుస చీటీల సంగతులు: ఎవరు తమ చీటీని పక్కవారికిచ్చి ముందుకు పంపారు, పిలుపు వినబడని వృద్ధురాలి తరఫున ఎవరు లేచి నిలబడ్డారు, పిలిచే ఉద్యోగి ఎవరి నంబరు దగ్గర గొంతు తగ్గించాడు. చివరికి నా థీసిస్ నిరీక్షణ గురించి అయింది. ప్రతిపాదన చదివేవారు ముఖ్యంగా చూసేది ఆ చోట మీకు ప్రవేశం దొరుకుతుందా, అక్కడివారి భాష మీకు వచ్చా, మొదటి ప్రశ్న బెడిసికొడితే మరొకటి వేసుకోగల చదువు ఉందా అన్నవే.

పాత నోట్సు:
గైడు విషయంలో పేరుప్రతిష్ఠలను పక్కనపెట్టి, వారి దగ్గర పీహెచ్‌డీ ముగించినవారిని, వీలైతే మధ్యలో మానేసినవారిని కూడా కలిసి, అధ్యాయం పంపితే ఎన్ని వారాలకు వ్యాఖ్యలు వచ్చేవో అడగండి. నా మొదటి గైడు పేరుమోసినవారే. నా అధ్యాయం ఏడు నెలలు వారి బల్ల మీద ఉండి, "బాగుంది, ఇంకా లోతుగా రాయండి" అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది. గైడును మార్చుకోవడానికి పట్టిన సమయం కంటే, మార్చుకోవాలని మనసు గట్టి చేసుకోవడానికి పట్టిన సమయమే ఎక్కువ.

మీరు అడగకపోయినా ఫీల్డ్ నోట్సు గురించి కూడా చెప్పాలి. జేబు పుస్తకంలో గీకిన ముక్కలను ఆ రాత్రే విస్తరించి రాసుకోవాలి. నా పుస్తకంలో ఒకచోట "లెక్క చెప్పగానే పెద్దాయన నవ్వారు, మిగిలినవారు నవ్వలేదు" అని మాత్రమే ఉంది. మూడు రోజుల తరువాత చూసుకుంటే అది ఏ లెక్కో, ఆ నవ్వు వెక్కిరింపో మొహమాటమో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. నోట్సు ప్రతులను వేర్వేరు చోట్ల దాచండి. ప్రసిద్ధ భారతీయ మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో కర్ణాటకలోని రాంపుర గ్రామంలో చేసిన ఫీల్డ్‌వర్క్ నోట్సును పద్దెనిమిదేళ్లపాటు తీర్చిదిద్దుకుంటే, 1970లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో దుండగులు పెట్టిన మంటల్లో వాటి మూడు ప్రతులూ కాలిపోయాయి. మూడూ ఒకే గదిలో ఉన్నాయి మరి. ప్రధానంగా జ్ఞాపకం మీద ఆధారపడి ఆయన పుస్తకం రాసి 1976లో వెలువరించారు. అది ఆయనకు చెల్లింది.

గోడగడియారం:
ఏడాది సంగతి నేను చెబుతాను. ఒక సంవత్సరచక్రం పూర్తిగా చూస్తే తప్ప పని కాలాలూ, ఖాళీ కాలాలూ, అప్పులు తెచ్చే నెలలూ, తీర్చే నెలలూ తెలియవన్న వాదన సబబే. అయితే ఈ సుదీర్ఘ నివాసానికి ఆదర్శంగా చూపే తొలితరం మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ కథలో యుద్ధం పాత్ర కూడా ఉంది: బ్రిటిష్ పక్షానికి శత్రుదేశమైన ఆస్ట్రియా పౌరుడైన ఆయన మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆస్ట్రేలియాలో ఉండిపోయి, 1915–1918 మధ్య రెండు విడతలుగా న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో గడిపారు. అక్కడ ఆయనకు కలిగిన విసుగూ చిరాకూ ఆయన మరణించిన చాలా ఏళ్లకు, 1967లో డైరీ అచ్చయ్యాకే లోకానికి తెలిశాయి. ఇంట్లో చిన్నపిల్లలున్న నేను మూడేసి నెలల చొప్పున నాలుగు విడతలు వెళ్లాను. ఈ తరహా పనికి 2020లో ముగ్గురు మానవశాస్త్రవేత్తలు "ప్యాచ్‌వర్క్ ఎథ్నోగ్రఫీ" (అతుకుల బొంతలా ముక్కలు ముక్కలుగా చేసే క్షేత్ర అధ్యయనం) అని పేరు పెట్టి సమర్థించారు కూడా. నష్టం లేదని అనను. వెళ్లిన ప్రతిసారీ మొదటి రెండు వారాలు పాత చనువును తిరిగి కూడగట్టుకోవడానికే సరిపోయేవి.

మూడో ఏడాది:
విడతల పద్ధతి మీద నాకు కొంత అనుమానమే. నా వరుస చీటీల సంగతి రోజూ అక్కడే కూర్చుని ఉండడం వల్లనే కంటపడింది.

కొత్త దరఖాస్తుదారు:
అందరికీ ధన్యవాదాలు. మరొక్క సందేహం: పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి సమ్మతి పత్రం నమూనా ఇవ్వాలి. నా ఎదుట కూర్చున్నవారు సమ్మతించినా, ఫోనులో అవతల ఉన్న భార్యో కొడుకో సమ్మతించలేదు కదా?

పాత నోట్సు:
మంచి ప్రశ్న. దాన్ని దాచకుండా దరఖాస్తులోనే రాయండి. అవతలివారిని కూడా అడిగి ఒప్పుకునేదాకా వారి మాటలను రికార్డు చేయనని, నోట్సులోకి ఎక్కించనని స్పష్టంగా చెప్పండి. వలస కార్మికుల్లో సరైన పత్రాలు లేనివారు ఉంటే సంతకమున్న కాగితమే వారికి ప్రమాదం కాగలదు కాబట్టి, మౌఖిక సమ్మతికి అనుమతి కోరి కారణం వివరించండి. ఈ విషయంలో కమిటీ మిమ్మల్ని తప్పక ప్రశ్నిస్తుంది. నా దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది కనుక ఆ గడువును కూడా లెక్కలో వేసుకుని, ఫీల్డుకు వెళ్లే తేదీ ఆ తరువాతే పెట్టుకోండి.