కౌబాయ్స్ నిజంగా అంత గొప్ప టీమేనా? (ఫ్రిస్కోకి కొత్త, లంచ్ టేబుల్ దగ్గర ఇరుక్కున్న)

కొత్తగా_ఫ్రిస్కో:

అందరికి నమస్తే. కరీంనగర్ నుంచి వచ్చి నెలన్నర అయింది. అపార్ట్‌మెంట్ గురించి, డ్రైవింగ్ లైసెన్స్ గురించి ఇక్కడ అడిగితే అందరు ఓపికతోని చెప్పిండ్రు. ఇప్పుడు అడిగేది చిన్న ముచ్చటే, నవ్వకుండ్రి.

మా ఆఫీసుల లంచ్ కాడ రోజు ఒకటే పంచాయితీ. మా మేనేజర్ పక్కా డాలస్ మనిషి. ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చరిత్రల డాలస్ కౌబాయ్స్ కంటె పెద్ద టీమ్ లేదంటడు. పక్క సీటాయనది ఫిలడెల్ఫియా. "ముప్పై ఏండ్ల సంది ఏం పీకిండ్రు?" అని ఆయన మొదలువెడ్తడు. ఇంకొకామెది గ్రీన్ బే, మావి 13 కప్పులని వేళ్లు చూపిస్తది. ముగ్గురు చెప్పే నంబర్లు ఫోన్‌ల చూసిన, ముగ్గురివి కరెక్టే! మొన్న నా దిక్కు తిరిగి "నీకు ఏ టీమ్ లేదు కదా, నువ్వే తీర్పు చెప్పు" అన్నరు. నవ్వి ఊకున్న. వచ్చే గురువారం టీమ్ లంచ్ ఉంది, మళ్ల అడుగుతరు. ఆట రూల్స్ కొద్దిగ తెల్సినయ్. కాని ఒక టీమ్ చరిత్రల ఎంత గొప్పదో ఎట్ల లెక్క కడ్తరు?

ప్లేనో_పెద్దన్న:

మీ మేనేజర్ కౌబాయ్స్ మనిషా? అయితే కౌబాయ్సే గొప్ప. హెచ్‌1బీ మీదున్నావా? అయితే ఇంకా గొప్ప.

వ్యాలీరాంచ్_బాబాయ్:

పెద్దన్న మాట పక్కన పెట్టు బాబూ, అసలు సంగతి నేను చెబుతాను.

1992 ఆగస్టులో తెనాలి నుంచి వచ్చి ఇర్వింగ్‌లో దిగాను. అప్పట్లో కౌబాయ్స్ ప్రాక్టీసంతా మా వ్యాలీ రాంచ్‌లోనే జరిగేది, 2016లో మీ ఫ్రిస్కోకి ఎత్తుకెళ్ళారు. నేను వచ్చిన సీజన్లోనే కప్పు గెలిచారు, మరుసటి ఏడూ గెలిచారు, ఒక్క ఏడాది వదిలేసి మళ్ళీ గెలిచారు. ఇదేదో ఏటా వచ్చే సంక్రాంతి లాంటిదే కాబోలనుకున్నాను. ఆ తర్వాత ఇవాళ్టి దాకా ఫైనల్ సంగతి దేవుడెరుగు, సెమీఫైనల్ గడప కూడా తొక్కలేదు. ఇంటికి ఫోన్ చేసి ఫుట్‌బాల్ చూస్తున్నానంటే మా నాన్నగారు హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ గురించీ, 1962 జకార్తా ఏషియాడ్ బంగారు పతకం గురించీ మొదలెట్టేవారు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది ఫుట్‌బాల్ ఎట్లా అవుతుందిరా అనేవారు. పోయేదాకా ఒప్పుకోలేదు.

మీ ఆఫీసులో ముగ్గురి అంకెలూ నిజమే, ఎందుకంటే ముగ్గురూ లెక్క మొదలుపెట్టే సంవత్సరాలు వేరు. ఎవరైనా "మా టీమ్ గొప్ప" అనగానే ఎన్ని కప్పులని అడక్కు, ఎప్పట్నించి లెక్క అని అడుగు. మోసమంతా అక్కడే ఉంటుంది.

లీగ్ పుట్టింది 1920లో. సూపర్ బౌల్ అనే ఇప్పటి ఫైనల్ మొదలైంది 1967 జనవరిలో. సూపర్ బౌల్స్ మటుకే లెక్కేస్తే పిట్స్‌బర్గ్ స్టీలర్స్, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ చెరో 6, మన డాలస్, శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ చెరో 5. మొదట్నించీ లెక్కేస్తే గ్రీన్ బే ప్యాకర్స్ 13, షికాగో బేర్స్ 9, న్యూయార్క్ జెయింట్స్ 8. ఆ 13లో సూపర్ బౌల్స్ నాలుగే. డాలస్ టీమ్ పుట్టిందే 1960లో కాబట్టి ఇక్కడి వాళ్ళకి అంతకుముందు జరిగిందంతా పురాణమే. మీ ఫిలడెల్ఫియా ఆయన ఇంకా ఘటికుడు, ఈగిల్స్ 2018లోనూ 2025లోనూ గెలిచారు గనక 2018 నుంచి లెక్క మొదలెడతాడు.

మరి పాత కప్పులకి విలువుందా లేదా? గ్రీన్ బే వాళ్ళు 1929, 30, 31లో వరసగా గెలిచారు, కానీ అప్పుడు ఫైనల్ అనేదే లేదు, పట్టికలో పైనున్న వాళ్ళకి ఇచ్చేశారు. మొదటి ఫైనల్ 1933లో. మన రంజీ ట్రోఫీలో బొంబాయి 1958-59 నుంచి వరసగా 15 ఏళ్ళు గెలిచింది కదా, అది చెల్లదంటామా? చెల్లుతుంది. కాకపోతే పది జట్లలో గెలవడం, ముప్పై రెండు జట్లలో గెలవడం ఒకటి కాదు.

నేను వేసేది చీటీల లెక్క. అన్ని టీముల పేర్లూ చీటీల మీద రాసి ఏడాదికొక చీటీ తీశామనుకో. గుడ్డి అదృష్టానికి ఎవరికెన్ని కప్పులు రావాలి? 1933లో 10 టీములు, కాబట్టి పదేళ్ళకొకటి. 2002 నుంచి 32 టీములు, కాబట్టి ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైరయ్యేలోగా ఒకటి. ఇలా కాగితం మీద కూడితే కౌబాయ్స్‌కి రెండు, మహా అయితే మూడు రావాలి. గెలిచింది ఐదు. ప్యాకర్స్‌కి ఆరు చుట్టూ రావాలి, గెలిచింది 13. పేట్రియాట్స్‌కి మూడు, గెలిచింది ఆరు. అంటే ముగ్గురూ అదృష్టానికి రెట్టింపు దగ్గర ఉన్నారు. ఆ మూడింట్లో డాలస్ ఉంది కాబట్టి మీ మేనేజర్ది మరీ గాలి మాటేం కాదు. ఇదంతా నా చేతిలెక్క, పైసా అటూ ఇటూ అయితే కోప్పడకండి.

పిట్స్‌బర్గ్_ఆడపడుచు:

బాబాయ్ గారూ, స్టీలర్స్‌కి మీ చీటీల్లో ఎన్ని వచ్చాయో తెలివిగా మింగేశారు. నేను చెప్పనా? 1933లో పుట్టిన టీమ్, కాబట్టి ఐదు రావాలి, ఉన్నవి ఆరు. అంటే మీ లెక్క ప్రకారం మావాళ్ళు ఏదో అదృష్టవంతులు, అంతే కదా!

నేను డాలస్ రాకముందు పదకొండేళ్ళు పిట్స్‌బర్గ్‌లో ఉన్నాను. మనవాళ్ళకి ఆ ఊరంటే పెన్ హిల్స్ వెంకన్న గుడి. ఊళ్ళో వాళ్ళకి మాత్రం స్టీలర్స్. గుడి లేచిందీ, స్టీలర్స్ లేచిందీ ఒకే దశాబ్దంలో. అంతకుముందు దాదాపు నలభై ఏళ్ళు ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు, మొదటిది గెలిచింది 1972 డిసెంబర్లో. ఆ తర్వాత 1974 సీజన్ నుంచి 1979 సీజన్ దాకా ఆరేళ్ళలో నాలుగు సూపర్ బౌల్స్. పాత పేదరికాన్నంతా తెచ్చి సగటు తీస్తే ఆ ఆరేళ్ళు పలచబడిపోతాయి. చారులో నీళ్ళు పోసి, రుచిగా లేదన్నట్టుంది మీ లెక్క.

ఇంకో మాట. ఆ నాలుగింట్లో రెండు ఓడించింది ఎవర్నో కొత్తబ్బాయికి చెప్పండి.

వ్యాలీరాంచ్_బాబాయ్:

తగిలించావమ్మా. చెబుతాను.

1975 సీజన్ ఫైనల్ 21-17. 1978 సీజన్ ఫైనల్ 35-31. రెండుసార్లూ మన కౌబాయ్స్ ఓడింది స్టీలర్స్ చేతిలోనే, రెండుసార్లూ తేడా నాలుగే పాయింట్లు. రెండోదాంట్లో జాకీ స్మిత్ అనే పెద్దాయన ఎండ్ జోన్‌లో చుట్టూ ఎవరూ లేకుండా నిలబడి, చేతుల్లోకొచ్చిన బంతి జారవిడిచాడు. మన వాళ్ళకి టచ్‌డౌన్ (అదనపు కిక్‌తో కలిపి ఏడు) పోయి ఫీల్డ్ గోల్ (మూడు) మిగిలింది, అంటే అక్కడే నాలుగు పాయింట్లు. ఆ రెండు మ్యాచ్‌లూ తిరగబడి ఉంటే మనకి ఏడు, వాళ్ళకి నాలుగు, ఇవాళ ఈ చర్చే ఉండేది కాదు. అంతకుముందు 1970 సీజన్ ఫైనల్ బాల్టిమోర్ కోల్ట్స్‌తో 16-13, ఆఖరి క్షణాల్లో కొట్టిన ఫీల్డ్ గోల్‌తో పోయింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన మన చక్ హౌలీకి ఇచ్చారు. సూపర్ బౌల్‌లో ఓడిన వైపు వాడికి అది దక్కడం ఆ ఒక్కసారే.

అందుకని కప్పులతో పాటు ఫైనల్స్ కూడా చూడాలంటాను. బఫలో బిల్స్ వరసగా నాలుగేళ్ళు ఫైనల్ ఆడి నాలుగూ ఓడారు, చివరి రెండూ మన చేతిలోనే. జనం నవ్వుతారు గానీ వరసగా నాలుగుసార్లు సూపర్ బౌల్ దాకా వెళ్ళిన టీమ్ ఇంకొకటి లేదు. ఈ నవ్వడం అనేది నాకెప్పుడూ అన్యాయం అనిపిస్తుంది.

ఇక నిలకడ. ఇది నాకు కప్పు కంటే ఇష్టం. కౌబాయ్స్ తొలి సీజన్లో ఒక్కటీ గెలవలేదు, 11 ఓటములు, ఒక టై. అదే కోచ్ టామ్ లాండ్రీని ఉంచుకున్నారు. ఆయన మొత్తం 29 సీజన్లు చేశాడు. 1966 నుంచి 1985 దాకా వరసగా 20 సీజన్లు ఓటముల కంటే గెలుపులే ఎక్కువ. కప్పు ఒక్క రోజు ఆటతో కూడా రావచ్చు, ఇరవై ఏళ్ళ వరస అలా రాదు. 1989లో జెర్రీ జోన్స్ టీమ్ కొని, వచ్చీ రాగానే లాండ్రీని తీసేశాడు. ఆ ఏడు 1 గెలుపు, 15 ఓటములు. ఆ ఏడే స్టార్ ఆటగాడు హర్షల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసి, బదులుగా డ్రాఫ్ట్ పిక్స్, అంటే కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే వంతులు, గంపెడు తెచ్చుకున్నారు, నేను చూసిన మూడు కప్పుల పునాది అదే. 1994లో టీము జీతాల మొత్తం మీద పరిమితి, శాలరీ క్యాప్, వచ్చింది. ఆ తర్వాత అంతమంది మొనగాళ్ళని ఒక్కచోట ఉంచుకోవడం ఎవరి వల్లా కాలేదు.

ఎవరి వల్లా అంటే, పేట్రియాట్స్ వల్ల అయింది. ఆటగాడు బ్రేడీ, కోచ్ బెలిచిక్ జోడీ క్యాప్ ఉన్న కాలంలోనే 2001 నుంచి 2019 దాకా 19 సీజన్లలో 17 సార్లు డివిజన్ (తమ గ్రూపు) గెలిచింది, 9 ఫైనల్స్ ఆడి 6 గెలిచింది. బ్రేడీని డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది 199వ వాడిగా. వాళ్ళ మీద వీడియో తీశారనీ, బంతుల్లో గాలి తీశారనీ గొడవలున్నాయి, లీగ్ జరిమానాలు కూడా వేసింది. నాకు ఆ టీమ్ అంటే గిట్టదు. అయినా ఆ ఇరవై ఏళ్ళని పక్కన పెట్టే ధైర్యం నాకు లేదు.

క్లీవ్‌లాండ్_బాధితుడు:

బాబాయ్ గారు ఒకటి వదిలేశారు. తమ్ముడూ, అసలు "టీమ్" అంటే ఏమిటో తేలాలి కదా ముందు.

నేను పదేళ్ళు క్లీవ్‌లాండ్‌లో చేశాను. బ్రౌన్స్ 1946లో వేరే లీగ్‌లో పుట్టి, నాలుగేళ్ళూ నాలుగు కప్పులు కొట్టి, 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వచ్చిన ఏడే కప్పు ఎత్తుకెళ్ళారు. 1946 నుంచి 1955 దాకా పదికి పదేళ్ళు ఫైనల్లో ఉన్నారు. ఇప్పుడెవరూ వాళ్ళ పేరెత్తరు. 1995 సీజన్ అయ్యాక ఓనర్ టీమ్‌ని బాల్టిమోర్‌కి ఎత్తుకుపోయాడు. అక్కడ దానికి రేవన్స్ అని పేరు పెట్టారు. పేరూ, రంగులూ, రికార్డులూ మాత్రం క్లీవ్‌లాండ్‌లోనే ఉంచారు, 1999లో మళ్ళీ కొత్త మనుషులతో టీమ్ పెట్టారు. మరి 1955 కప్పు ఎవరిది?

నీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, డెక్కన్ ఛార్జర్స్ 2009లో గెలిచిన ఐపీఎల్‌ని సన్‌రైజర్స్ లెక్కలో వేస్తామా? ఊరు అదే, స్టేడియం అదే, మనుషులం మనమే. కానీ ఫ్రాంచైజీ వేరు. సన్‌రైజర్స్‌ది 2016 ఒక్కటే. క్లీవ్‌లాండ్‌లో దీనికి పూర్తిగా తలకిందులుగా చేశారు. హ్యూస్టన్‌లో ఇంకో రకం. ఆయిలర్స్ 1960, 61లో ఏఎఫ్‌ఎల్ అనే అప్పటి పోటీ లీగ్ గెలిచారు, టెనెసీకి వెళ్ళిపోతూ ఆ చరిత్ర కూడా మూట కట్టుకుపోయారు. 2002లో వచ్చిన టెక్సన్స్‌కి అందులో పైసా వాటా లేదు.

కొత్తగా_ఫ్రిస్కో:

అమ్మో, ఇంత ఉన్నదా! డెక్కన్ ఛార్జర్స్ ముచ్చటతోని టక్కున సమజైంది. బాబాయ్ గారు, ఒక్కటి అడుగుత. మా మేనేజర్ ఎప్పుడు "ప్రపంచంల అన్నిటికంటె ఖరీదైన టీమ్" అంటడు. అది లెక్కల వేసుకోవాల్నా? ఆఖరికి మీరు కౌబాయ్స్‌ని ఎన్నో నంబర్ల పెడ్తరు?

వ్యాలీరాంచ్_బాబాయ్:

ఖరీదు నిజమే. జోన్స్ సుమారు 14 కోట్ల డాలర్లకి కొన్నది ఇప్పుడు 1,000 కోట్ల డాలర్లు దాటింది. "అమెరికా టీమ్" అన్న పేరూ నిజమే, 1978 సీజన్ మీద ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళు తీసిన వీడియోలో పెట్టిన పేరది. 1966 నుంచి ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ, ఒకటి రెండేళ్ళు తప్పిస్తే, దేశమంతా టర్కీ కోస్తూ మన వాళ్ళ మ్యాచే చూస్తారు. కానీ అది పేరుకి లెక్క, ఆటకి కాదు. పెళ్ళికి ఎంతమంది వచ్చారన్నది వేరు, కాపురం ఎట్లా సాగిందన్నది వేరు.

నా వరస: ప్యాకర్స్, పేట్రియాట్స్, స్టీలర్స్. పిట్స్‌బర్గ్ అమ్మాయి తిట్టిందని కాదు, ఆ ఆరేళ్ళని చీటీల లెక్క మింగేస్తుందన్న మాట నిజం. ప్యాకర్స్‌నెందుకు పైన పెట్టానంటే, లక్ష జనాభా ఉన్న ఊరు, ఓనరంటూ ఒకడు లేడు, అభిమానులే వాటాదారులు, అయినా 1930ల్లో గెలిచారు, 1960ల్లో కోచ్ లొంబార్డీ కింద ఏడేళ్ళలో ఐదు గెలిచారు, 1996లో, 2010లో గెలిచారు. మధ్యలో దాదాపు ముప్పై ఏళ్ళు ఎండిపోయారు, అదీ చెప్పాలి.

నాలుగో స్థానం దగ్గరే నాకు నిద్ర పట్టదు. మనమూ ఫార్టీనైనర్సూ చెరో ఎనిమిది ఫైనల్స్ ఆడాం, చెరో ఐదు గెలిచాం. అక్షరాలా సమానం. ఆ ఇరవై సీజన్ల వరస చూస్తే మనమే పైన. కానీ మనం చివరి కప్పు ఎత్తిన 1996 జనవరి తర్వాత వాళ్ళు మూడు ఫైనల్స్ ఆడారు. ఓడారులే, ఆడారు కదా. మనం సెమీఫైనల్ కూడా లేదు. 1996లో అడిగితే రెండోది అనేవాణ్ణి. ఇప్పుడు ఐదోది. మా ఆవిడ పక్కనే ఉంది, ఈ మాట రాయడానికి నీకు గంట పట్టిందేమిటంటోంది.

మీ మేనేజర్‌కి మాత్రం ఐదు అనకు. ఎప్పట్నించి లెక్క సార్ అని అడిగి ఊరుకో.

కొత్తగా_ఫ్రిస్కో:

లంచ్ అయిపోయింది. మీరన్నట్టే అడిగిన. మేనేజర్ 1966 నుంచి అన్నడు, ఫిలడెల్ఫియా ఆయన 2018 అన్నడు, గ్రీన్ బే ఆమె 1929 అన్నది. ఇగ వాళ్లలో వాళ్లే గంటసేపు, నేను నిమ్మలంగ తిన్న. కాని పొద్దుగాల వచ్చేసరికి ఆమె నా డెస్క్ మీద పచ్చగ జున్నుముక్క లెక్క ఉన్న టోపీ, ప్యాకర్స్ ఫ్యాన్స్ పెట్టుకునేది, పెట్టిపోయింది. గిఫ్ట్ అంట. ఇది పెట్టుకోవాల్నా, వాపస్ ఇయ్యాల్నా?

ప్లేనో_పెద్దన్న:

మేనేజర్ వచ్చేలోగా డ్రాయర్లో పడెయ్.