హౌస్‌బోట్‌లో తలనొప్పి జనరేటర్ వల్లేనా?

ప్రశ్న: మేం ఫీనిక్స్‌లో ఉంటాం. పోయిన వేసవిలో రెండు కుటుంబాలం కలిసి లేక్ పవెల్‌లో హౌస్‌బోట్ అద్దెకు తీసుకున్నాం. ఏసీ కోసం రాత్రంతా జనరేటర్ నడిచింది. పొద్దున లేచేసరికి బాబుకి వాంతులు, నాకూ మా ఆవిడకీ తల పగిలిపోతోంది. ఒడ్డు మీద కాసేపు కూర్చుంటే తగ్గింది, పడవ ఊగడం వల్లేమో అనుకున్నాం. ఈసారి మళ్ళీ వెళ్తున్నాం. లోపల విషవాయువుని పసిగట్టే డిటెక్టర్ ఉంటుంది కదా, చాలదా?

జవాబు: అన్నా, రాత్రి పడవని ఒడ్డుకి కట్టేశాక ఇంకెక్కడి ఊగడం? అందరికీ ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి రాగానే తగ్గిందంటే జనరేటర్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌నే ముందు అనుమానించాలి. దానికి రంగూ వాసనా ఉండవు. డిటెక్టర్ ఉండాల్సిందే, పడుకునే ప్రతి గది దగ్గరా, అదీ పడవల కోసం తయారైనదే. ఎక్కగానే టెస్ట్ బటన్ నొక్కి చూడండి. కానీ అది కాపలా కాసేది లోపలే. వెనక మెట్ల దగ్గర నీళ్ళలో ఆడే పిల్లలకి దాంతో ఏం లాభం? 2000 ఆగస్టులో ఇదే సరస్సులో ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, హౌస్‌బోట్ వెనక డెక్ కింద ఉన్న ఖాళీలోకి ఈదుకుంటూ వెళ్ళి చనిపోయారు. జనరేటర్ పొగ అక్కడే పోగైంది. అందుకే పొగగొట్టం పైకప్పు దాటి నిలువుగా ఉన్న బోటే అడగండి. ఎలాంటి బోటైనా సరే, పిల్లలు నీళ్ళలో దిగేముందు జనరేటర్, ఇంజిన్ రెండూ ఆపేయాలి, దిగాక కాదు.

ఇంకొకరు: నేను ఈఆర్‌లో, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీలో, నర్సుని. వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98 చూపించిందని ధైర్యపడకండి, మామూలు ఆక్సిమీటర్ కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేస్తుంది. తల తిరిగితే వెంటనే గాలిలోకి తీసుకొచ్చి 911కి ఫోన్ చేయండి.

మళ్ళీ అడిగినవారు: థాంక్సండీ, ఆక్సిమీటర్ సంగతి అసలు తెలీదు, బ్యాగులో అదే పెట్టుకున్నా. ఇంకో డౌట్, పక్క బోటు వాళ్ళ జనరేటర్ నడుస్తుంటే?

జవాబు: ఆ పొగ మీ కిటికీలోంచి వస్తుంది. కనీసం 20 అడుగుల దూరంలో కట్టుకోండి, గాలి మీ వైపు వీస్తే ఇంకా దూరం జరగండి. మొహమాటపడకుండా వాళ్ళనీ ఆపమని అడగండి. ఆ ఒక్క రాత్రీ ఏసీ లేకపోతే డెక్ మీద పడుకోవచ్చు, చుట్టుపక్కల ఏ జనరేటరూ నడవకపోతేనే సుమా.